తాడు లాగితే కూరవుతుందా?

ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా వంటింటి గట్టు మీద ఓ ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తోంది. పైన మూత, మూతకి తాడు, తాడు చివర పిడి, లోపల మూడు రెక్కల కత్తి. చాపర్ అంటారు. కరెంటక్కర్లేదు, తాడు పట్టుకుని లాగితే చాలు. గృహప్రవేశానికి వెళితే రిటర్న్ గిఫ్టు అదే, శ్రావణమాసం పేరంటానికి వెళితే నానబెట్టిన శనగలతో పాటు చేతిలో పెట్టేదీ అదే. మా ఇంట్లో ఇప్పటికి మూడు పోగయ్యాయి. వాటిలో పనిచేసేది ఒకటి.

ముందే చెబుతున్నాను, కొత్త వస్తువంటే మొహం చిట్లించే రకాన్ని కాను. గ్యాసు పొయ్యి వచ్చిన రోజున ఊదుగొట్టాన్ని అటకెక్కించి దణ్ణం పెట్టుకున్నాను. సుమీత్ మిక్సీ మార్కెట్లోకి ఎప్పుడో వచ్చినా, కోనసీమలో మా ఇంటికి చేరేసరికి నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. అది రాగానే రుబ్బురోలు పెరట్లో కరివేపాకు చెట్టు కిందకి పోయింది. రోలు పోయింది, రుచి పోయింది అని వాపోయే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో ఒక్కరైనా మాఘమాసపు చలిలో తెల్లవారకుండా లేచి పదిమందికి మినప్పిండి రుబ్బారా? రుబ్బడం ఒట్టి చాకిరీ. ఆ చాకిరీని ఏ యంత్రం నెత్తికెత్తుకున్నా సంతోషమే. తరగడం సంగతి వేరు. కూర రుచి సగం అక్కడే తేలిపోతుంది. ఆ ముక్క ఈ డబ్బాకి ఎలాగూ తెలీదు, కొన్నవాళ్ళూ మరిచిపోతున్నారు.

మా రోజుల్లో తరగడమంటే కత్తిపీటే. చూడనివాళ్ళు ఇప్పుడు ఇళ్ళనిండా ఉన్నారు కనక చెబుతున్నాను: మూరెడు చెక్కపీట, దాని ఓ చివర నిలబెట్టిన వంపు కత్తి. కత్తి కొసన పళ్ళున్న కోరాము ఉంటే కొబ్బరి కోరడం కూడా దాని మీదే. పీట ఊళ్ళో వడ్రంగి చేసేవాడు, కత్తి కమ్మరి కొలిమిలో పుట్టేది. నేల మీద కూర్చుని, కుడికాలు పీట మీద అదిమిపెట్టి, కాయని రెండు చేతులా పట్టుకుని కత్తి మీదకి తోయాలి. కత్తి కదలదు, కాయే కదులుతుంది. రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి కాబట్టి ముక్క ఎంత మందాన పడుతోందో కళ్ళతో చూడక్కర్లేకుండా వేళ్ళకే తెలిసిపోతుంది. పడ్డ ముక్క నేరుగా కింద గిన్నెలో నీళ్ళలోకే పోతుంది. ఇప్పటి కటింగ్ బోర్డు మీంచి గిన్నెలోకి గీకడం, అందులో పావువంతు గట్టు మీదా పావువంతు కాళ్ళ మీదా పడటం, ఆ గోల లేదు.

దానికో మర్యాద కూడా ఉండేది. పని కాగానే కత్తి తుడిచి, పీటని పక్కకి పడుకోబెట్టాలి. నిలబెట్టి వదిలేస్తే మా అత్తగారు ఊరుకునేవారు కాదు, పాకే పిల్లలున్న ఇల్లు మరి. దాన్ని దాటి నడవకూడదు. తడి ఆరకుండా పెడితే మర్నాటికి తుప్పు. ఇనప కత్తి తగిలితే అరటికాయ, వంకాయ నల్లబడతాయి. అందుకే వంకాయకి ఉప్పునీళ్ళు, అరటికాయకి పల్చటి మజ్జిగ గిన్నెలో సిద్ధంగా ఉండాలి. కంద తరగాలంటే ముందు చేతులకి నూనె రాసుకోవాలి, లేకపోతే సాయంత్రం దాకా దురదే. కత్తి మొద్దుబారితే "కత్తులకి సాన పడతాం" అని కేకేసుకుంటూ సైకిలు మీద వచ్చే మనిషి ఉండేవాడు. అతను చక్రం తొక్కుతుంటే రేగే నిప్పురవ్వలు చూడటానికి వీధిలో పిల్లలంతా పోగయ్యేవారు.

ఇక ముక్కల సంగతి. ఒకే ఆనపకాయ, పాలు పోసి వండే కూరకైతే చిన్న ముక్కలు, పులుసుకైతే రెండంగుళాల తుంటలు. చిన్న ముక్కలు పులుసులో వేస్తే అన్నంలోకి వచ్చేసరికి ముక్క ఉండదు, వెతుక్కోవాలి. బెండకాయ వేపుడుకి చక్రాలు, మజ్జిగపులుసుకి వేలెడేసి ముక్కలు. దొండకాయ వేపుడుకి నిలువు చీలికలు. అదే దొండకాయలో కొబ్బరికారం కూరాలంటే ఒక చివర అంటిపెట్టుకుని ఉండేలా నాలుగు గాట్లు. గుత్తివంకాయకి కింద నుంచి గాటు పెట్టి తొడిమ ఉంచాలి. అల్లం పచ్చిమిర్చి పెట్టిన కూరకి పొడుగు ముక్కలు. వంకాయ పులుసుపచ్చడికి అసలు కత్తే చూపించకూడదు, నూనె రాసి నిప్పుల మీద కాల్చడమే. గోరుచిక్కుడుకీ కత్తి అక్కర్లేదు, చేత్తో తుంచితేనే పీచు ఊడి వస్తుంది.

ఈ లెక్కలు ఎవరూ మాకు కాగితం మీద రాసివ్వలేదు. కత్తిపీట ముందేసుకున్నవాళ్ళు "పులుసుకా, కూరకా?" అని అడిగేవారు. జవాబు వినగానే ముక్క ఎంతుండాలో తేలిపోయేది. ఇప్పుడు మా ఇంట్లో వినిపించే ప్రశ్న, "ఎన్నిసార్లు లాగాలి?"

తరగకుండా కూర వండే ఉపాయం కోసం వెతుకులాట ఇవాళ్టిది కాదు లెండి. హైదరాబాదు వచ్చిన కొత్తలో నాంపల్లిలో నుమాయిష్‌కి వెళ్ళేవాళ్ళం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఎగ్జిబిషన్ అది, ఇప్పటికీ ఏటా జనవరిలో జనం విరగబడతారు. అక్కడ ఒకాయన మెడలో మైకు వేలాడదీసుకుని, చేతిలో ప్లాస్టిక్ పలకతో క్యారెట్‌ని పువ్వులు చేసేవాడు, ముల్లంగిని దండ చేసేవాడు, ఒక్క ఊపులో కీరాకాయని గోడకి తగిలించుకునే బొమ్మ చేసేవాడు. గుంపులో నిలబడ్డ ఆడవాళ్ళందరం కొన్నాం. ఇంటికొచ్చాక నా చేతిలో క్యారెట్ క్యారెట్‌గానే ఉంది, నా బొటనవేలు మాత్రం తురుము పడింది. ఆ తరవాత మీట నొక్కితే తరిగేవీ, మర తిప్పితే తరిగేవీ వచ్చాయి, పోయాయి. వాటన్నిటికీ మనవడు ఈ తాడు డబ్బా.

దాని లోపలేముందో కూడా చూశాను. ఒకటి పాడైతే మా మనవడు స్క్రూలు విప్పి బల్లమీద పరిచాడు. మూతలో ఓ చిన్న చక్రం, దాని చుట్టూ తాడు, పక్కనే సన్నటి రేకు స్ప్రింగు చుట్ట. తాడు లాగితే చక్రం తిరిగి కత్తిని తిప్పుతుంది, వదిలితే స్ప్రింగు తాడుని మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. "భలే ఐడియా కదా మామ్మా!" అన్నాడు. ఒరే నాయనా, మా అమ్మ రోజూ పొద్దున్నే కవ్వానికి తాడు చుట్టి, ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో వదులుతూ కుండెడు పెరుగు చిలికి వెన్న తీసేది. నీ డబ్బాలో ఎడమచేతి బదులు స్ప్రింగు పెట్టారు, అంతే. కాకపోతే పెరుగు చిలికితే బాగుపడే వస్తువు. వంకాయ చిలికితే బాగుపడదు.

ఆ కత్తి రెక్కలు మూడూ మూడు ఎత్తుల్లో ఉంటాయి. కింది రెక్కకి దొరికింది నుగ్గవుతుంది, పైకి ఎగిరి గోడకి అంటుకున్నది అలాగే ఉండిపోతుంది. పది లాగులు లాగి మూత తీస్తే అడుగున ముద్ద, మధ్యలో ముక్క, పక్కన ఉల్లిపాయ డొప్ప. అన్నీ ఒకే బాణలిలో వేస్తే ముద్ద మాడుతుంది, ముక్క వేగుతుంది, డొప్ప పచ్చిగా ఉంటుంది. ఏది చూసి పొయ్యి కట్టాలి?

అసలు తమాషా ఇంకోటుంది. డబ్బాలో పట్టాలంటే ముందు చాకుతో కాయని నాలుగు చెక్కలు చెయ్యాలి. అంటే సగం తరగడం దానికి ముందే అయిపోయింది. సగానికి మించి నింపకూడదు, నింపితే కత్తి తిరగదు. కిలో బీరకాయలంటే చెక్కు తీసి, చెక్కలు కొట్టి, కాసిని వేసి, లాగి, గిన్నెలోకి వంచి, మిగిలింది గరిటెతో గీకి, మళ్ళీ కాసిని వేసి... ఈలోపు నేను తరగడం పూర్తి చేసి పోపు కూడా వేసేస్తాను. పైగా కడగడమొకటి. మూత నీళ్ళలో ముంచకూడదట, లోపల స్ప్రింగు తుప్పు పడుతుందట. తడిగుడ్డతో తుడుస్తారు. పొద్దున్న తరిగిన అల్లం వాసన సాయంత్రం ఫ్రూట్ సలాడ్‌లో తేలుతుంది. కత్తిపీటకంటే పిల్లలకి భద్రం అంటారు గానీ, ఆ రెక్కలు సబ్బునీళ్ళ నురగలో కనపడవు. మా పనమ్మాయి వేలు తెగింది కూరలు తరుగుతూ కాదు, దాన్ని తోముతూ.

వంకాయని చూడకుండా ఎవరైనా తరుగుతారా చెప్పండి. పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, ఎక్కడో సూదిమొనంత చిల్లు. కత్తి మీద రెండుగా చీలగానే లోపల నల్లటి దారి, దారి చివర గులాబీ రంగు పురుగు బయటపడతాయి. పుచ్చినంత మేర కోసి పారేసి బాగున్నది గిన్నెలో వేస్తాం. ప్రతి చీలికా కంటి ముందు నుంచి పోవాలి. నాలుగు చెక్కలు కొట్టి డబ్బాలో పడేసి లాగితే లోపల నక్కిన పురుగూ వంకాయా కలిసి సమానంగా తరుగవుతాయి. దోసకాయదీ అదే వరస. పప్పులో వేసేముందు ప్రతి కాయలోంచీ చిన్న ముక్క నాలిక మీద వేసుకోవాలి. చేదుదొకటి కలిసిందా, గిన్నెడు పప్పూ కుడితిలోకే. నాలుగు కాయల ముక్కలూ ఒకేసారి లాగేశాక ఏది చేదో ఎవడికి తెలుసు?

మా ఎదురింటి అమ్మాయి బెండకాయలు కూడా అందులో వేసి లాగింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, నేనేమీ అనలేదు. బెండకాయకి ఎన్ని గాట్లు పడితే అంత జిగురు బయటికొస్తుంది. అందుకే ముందే కడిగి, గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఒక్క గాటుకి ఒక చక్రంగా తరుగుతాం. ఆ పిల్ల మూత తీసి చూపిస్తే గింజలూ తొక్కా కలిసి తీగలు సాగుతోంది. "అత్తయ్యగారూ, దీన్ని వేపుడు చెయ్యచ్చా?" అని అడిగింది. కవర్లు అతికించుకోవచ్చమ్మా అందామనుకున్నాను, మానేశాను.

ఉల్లిపాయ దగ్గర మాత్రం డబ్బాదే గెలుపంటారు, కళ్ళు మండవని. మూత ఉన్నంతసేపూ మండవు, నిజమే. తీసినప్పుడు ఒక్కసారిగా కొడుతుంది. ఉల్లిపాయని కోసినప్పుడు దాని కణాలు చిట్లి, లోపల విడివిడిగా ఉన్న పదార్థాలు కలుసుకుని ఆ ఘాటు పుడుతుంది. పదునైన కత్తి కణాల్ని తక్కువ చీలుస్తుంది, మొద్దుకత్తి నలిపి చితక్కొడుతుంది. సాన పట్టిన కత్తి ఉంటే కన్నీళ్ళు మునుపటి నుంచీ తక్కువే. చితికిన ఉల్లికి నీరూరుతుంది. ఆ నీరు ఇగిరేదాకా అది బాణలిలో ఉడుకుతుందే తప్ప వేగదు. ఎంతసేపటికీ ఎర్రబడటం లేదని మా వాళ్ళు పొయ్యిని తిట్టుకుంటారు. పకోడీకి పొడుగు ముక్కలే పడాలి, వాటి కొసలే కరకరలాడేది. డబ్బా ఉల్లితో వేస్తే పునుగులొస్తాయి. అవీ బాగానే ఉంటాయి, పకోడీలని చెప్పి పెట్టకపోతే.

ఇవన్నీ చిన్న బాధలు. పెద్ద బాధ ఏమిటంటే ఇంట్లో కూరలు తగ్గిపోతున్నాయి. డబ్బా దేన్ని తరగగలదో అదే బజారు నుంచి వస్తోంది. క్యారెట్, క్యాబేజీ, క్యాప్సికమ్, టమాటా, మళ్ళీ క్యారెట్. అరటిపువ్వు వలిచి ఒక్కొక్క పువ్వులోంచి గట్టి పుల్ల లాగాలి. అరటిదవ్వ చక్రం తరిగినప్పుడల్లా సాగే పీచుని వేలికి చుట్టుకుని తీసెయ్యాలి. పొట్లకాయ చీల్చి గింజలు దోయాలి. చేమదుంప ఉడికించి తొక్క తియ్యాలి. వీటిలో ఏదీ తాడుకి లొంగేది కాదు, కాబట్టి సంచీలోకే రాదు. "పిల్లలు తినరండీ" అంటారు. తరిగి వండి పెడితే కదా తినేదీ మానేదీ తెలిసేది! అరటిదవ్వ పెరుగుపచ్చడి అంటే మా మనవడు, "దవ్వ అంటే ఏంటి మామ్మా?" అన్నాడు. కోనసీమ రక్తం వాడిది. అరటితోటల మధ్య పుట్టిన వంశం.

పనసపొట్టు సంగతి ఎత్తకపోవడమే మంచిది గానీ, ఎత్తాను కాబట్టి చెబుతాను. లేత పనసకాయ పైన ముళ్ళ చెక్కు చెక్కేసి, పాలు అంటుకోకుండా చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, బరువైన కత్తితో టకటకా దగ్గర దగ్గరగా గాట్లు కొట్టి, ఆ పైపొరని సన్నగా దిగగోస్తారు. మళ్ళీ గాట్లు, మళ్ళీ దిగగొయ్యడం. మా గోదావరి జిల్లాల బజార్లలో పొట్టు కొట్టి అమ్మేవాళ్ళున్నారు. వాళ్ళ చేతివేగం చూస్తూ నిలబడితే కొనడానికొచ్చిన మిగతా సరుకు మరిచిపోతాం. ఆ పొట్టు చేత్తో తీస్తే విడివిడిగా రాలాలి. ఉడికించి, నీరు పిండి, జీడిపప్పూ ఎండుమిరపకాయలూ పోపు వేసి, చివర ఆవ కలిపితే కూర. మా అబ్బాయి ఊరి నుంచి తెచ్చిన పనస ముక్కలు డబ్బాలో వేసి లాగాడు. రెండో లాగుకే పాలు అంటుకుని కత్తి బిగుసుకుపోయింది, మూడో లాగుకి లోపలేదో ఫట్‌మంది. మూడు డబ్బాల్లో ఒకటి అలా పోయింది.

రెండోదానికి తాడు తెగింది. కొన్న కొట్టుకి తీసుకెళితే, "తాడు విడిగా రాదమ్మా, కొత్తది తీసుకోండి" అన్నాడు. మూరెడు తాడు తెగితే డబ్బాకి డబ్బా చెత్తబుట్టలోకి! మా అత్తగారి కత్తిపీటకి చెక్క పుచ్చిపోయి రెండుసార్లు మార్పించాం. కత్తి మాత్రం ఆవిడ కాపురానికొచ్చినప్పటిదే.

ఇంత తిట్టాక ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. మా రోజుల్లో మగవాళ్ళు కత్తి పట్టింది రెండింటికే, గుమ్మడికాయకీ ఆవకాయకీ. గుమ్మడికాయని ఆడవాళ్ళు మొదట కొట్టకూడదని ఆచారం. బూడిదగుమ్మడి వడియాలు పెట్టేరోజున మా మావగారిని బతిమాలుకుంటే వచ్చి, కండువా సర్దుకుని, ఒక్క వేటు వేసి వసారాలోకి వెళ్ళిపోయేవారు. తరవాత ఆ కొండంత కాయని సన్నగా తరిగేది మేమే. ఆవకాయ రోజుల్లో కొత్తపల్లి కొబ్బరి మామిడికాయల్ని పెద్ద కత్తితో టెంకతో సహా ముక్కలు కొట్టిపెట్టేవారు. జీడి తియ్యడం, పొర ఒలవడం, ఒక్కొక్క ముక్కా గుడ్డతో తుడవడం మళ్ళీ మా వంతే. సంవత్సరంలో ఆ రెండుసార్లే వాళ్ళకి వంటింటి దారి తెలిసేది.

ఇప్పుడు మా అబ్బాయి పొద్దున్నే టీ తాగుతూ తాడు లాగుతున్నాడు. మా కోడలు ఆఫీసు ఫోన్లో ఉంటే వీడు ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి లాగి ఉప్మా చేసి పిల్లాడి డబ్బా కట్టేస్తాడు. వీణ్ణి కత్తిపీట ముందు ఏ జన్మలో కూర్చోబెట్టగలను? ముప్పై ఏళ్ళు నేను గొంతు చించుకున్నా కాని పని మూడొందల రూపాయల తాడు చేయించింది. ఉప్మాలో ఉల్లి ముద్దయింది. అయితే అయింది, నోరు మూసుకుని తింటున్నాను.

నా మోకాళ్ళు కూడా ఆ డబ్బా పక్షమే. నేల మీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. కత్తిపీటని డైనింగ్ టేబుల్ మీద పెట్టి చూశాను, కాలు అదమకపోతే పీట జారిపోతుంది. బల్లకి బిగించుకునే స్టీలు కత్తిపీటలు వచ్చాయి, మడతపెట్టేవీ దొరుకుతున్నాయి. మా చెల్లెలి కూతురు అలాంటిదొకటి చీరల మధ్య చుట్టి, చెకిన్ సామానులో పెట్టుకుని టెక్సస్ పట్టుకెళ్ళింది. అక్కడ కింద కూర్చుని గోంగూర తరుగుతున్న ఫోటో పంపిస్తే మా కోడలికి చూపించాను. "వదినగారికి ఓపికుంది అత్తయ్యా" అని ఊరుకుంది. ఈ ఊళ్ళో కత్తిపీట దర్జాగా బతికున్నది చేపల బజార్లో, వేసవిలో ఆవకాయ కాయలు కొట్టే బళ్ళ దగ్గరా. వంజరం చేపని తాడు లాగి ముక్కలు చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

కాబట్టి డబ్బా కొనుక్కోండి, వద్దనను. అల్లం పచ్చిమిర్చికీ, ఉప్మాలో ఉల్లికీ, పెసరట్టు మీద చల్లుకునే ఉల్లికీ, వేయించిన పల్లీలు పలుకులు చెయ్యడానికీ బాగానే పనికొస్తుంది. సగానికి మించి నింపకండి, కడిగేటప్పుడు కత్తిని నడుమ పిడి దగ్గరే పట్టుకోండి. వంకాయ, దోసకాయ, బెండకాయ మాత్రం చాకుతోనైనా సరే, చూసుకుంటూ చేత్తో తరగండి. మీ అటక మీద అత్తగారిదో అమ్మమ్మదో కత్తిపీట ఉంటే పాత ఇనుము వాడికి తూకానికి వెయ్యకండి. సాన పట్టించి వాడుకోండి. మీకొద్దనుకుంటే నాకు కబురు పెట్టండి, ఆటో వేసుకుని నేనే వచ్చి పట్టుకెళతాను.